"ఆ మందిడి..." పద్యం చివర హిమాఢ్యనా, హేమాఢ్యనా?

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో రిషికేశ్ ఎయిమ్స్ నుంచి టెహ్రీ జిల్లా ఆసుపత్రికి డ్రోన్‌లో టీబీ మందులు పంపారు కదా, ఆ వీడియో ఇవాళ మళ్లీ చూశాను. ఘాట్ రోడ్డులో గంటల ప్రయాణం, గాల్లో అరగంట. అప్పట్నుంచి మనుచరిత్రలోని పెద్దన కందం నోట్లో ఆడుతోంది, సిద్ధుడు కాళ్లకు పసరు పూసి వెళ్లగానే ప్రవరుడు హిమాలయానికి వెళ్లిపోయే పద్యం. "ఆ మందిడి యతఁ డరిగిన భూమీసురుఁ డరిగెఁ దుహినభూధర..." చివరి పాదం "హిమాఢ్య దరీ ఝరీ" అనే గుర్తు. సరేనా?

కందం ప్రియుడు: హిమాఢ్య కుదరదండీ. మొదటి మూడు పాదాల తొలి అక్షరాలు ఆ, భూ, శ్యా (మూడోది 'శ్యామల కోమల కానన') మూడూ గురువులు. నాలుగో పాదం 'హి' అని లఘువుతో మొదలైతే ప్రాస పోతుంది. హేమాఢ్య, అంటే బంగారం నిండిన.

కడప అక్క: ప్రాస ఒప్పుకుంటా తమ్ముడూ. 'హైమాఢ్య' అయితే? హైమం అంటే మంచుదనీ, బంగారపుదనీ రెండర్థాలు. ప్రవరుడు చూడాలనుకున్నది మంచుకొండను కదా, గుహల్లో బంగారం కోసం వెళ్లాడా?

కందం ప్రియుడు: 'తుహినభూధర' (మంచుకొండ) అన్నాక మళ్లీ మంచెందుకక్కా? శ్యామల కాననం పక్కన బంగారు రంగు పడితేనే ఆ బొమ్మ నిండుతుంది. పెద్దన వేసే రంగులు అలాగే ఉంటాయి. పైగా 'ఆఢ్య' ముందు విశేషణం అతకదు.

తాండూరు నుంచి: నన్ను పట్టుకున్నది 'మందు'. మా జిల్లాలోనే, వికారాబాద్‌లో, 2021 సెప్టెంబర్ 11న డ్రోన్లతో మందులు పంపే "మెడిసిన్ ఫ్రమ్ ద స్కై" మొదలైంది. పెద్దన దగ్గర మందు మనిషిని మోసుకెళ్లింది, ఇక్కడ మనిషి లేకుండా మందే వెళ్తోంది. ఇంకోటి చూడండి, మంచుకు పాదలేపం కరిగిపోయి ప్రవరుడు ఇల్లు చేరలేక చిక్కుకున్నాడు. డ్రోన్లకూ కొండల్లో ఇదే టెన్షన్. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్య మందగించి వోల్టేజీ పడిపోతుంది, గాలి పలచన కాబట్టి ఫ్యాన్లు ఇంకా వేగంగా తిరగాలి, ఛార్జింగ్ అక్కడే సగం తినేస్తుంది. వెళ్లడం ఒక లెక్క, తిరిగి రావడం ఇంకో లెక్క.

కడప అక్క: అందుకే రువాండాలో 2016 నుంచి జిప్‌లైన్ అనే డ్రోన్ కంపెనీ వాళ్లు ఆసుపత్రి దగ్గర డ్రోన్‌ను దించరు. రక్తం ప్యాకెట్లున్న పెట్టెను పారాచూట్‌తో జారవిడిచి, అటునుంచటే వెనక్కి తిప్పేస్తారు. దిగితే కదా మళ్లీ లేవాల్సింది! 'మందు' గురించి ఒక మాట. తుపాకిమందు, పురుగుమందు, వశీకరణానికి పెట్టే మందు, అన్నిట్లోనూ అదే మాట. జబ్బు తగ్గించేదే మందు అనుకుంటే పెద్దన వాడకం అర్థం కాదు. పని జరిపించే పదార్థం ఏదైనా మందే.

కందం ప్రియుడు: అది మీ ఊహ. లేపనం కూడా వైద్యంలోదే, అంత దూరం పోనక్కర్లేదు.

ప్రశ్న: మందు సంగతి బాగుంది గానీ, 'హే'కి ఆధారం ప్రాస ఒక్కటేనా? వావిళ్ల వారు అచ్చేసిన మనుచరిత్ర పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.

కందం ప్రియుడు: హిమాఢ్యను కొట్టేయడానికి ప్రాస చాలు. అక్క చెప్పే 'హై'కి మాత్రం ప్రతి చూడాల్సిందే.