రాస్‌బెర్రీ పైలో రూట్‌ని రీడ్ ఓన్లీ చేశాక బ్రౌజర్ ఓపెన్ అవ్వట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నలూ, తెలిసినవాళ్ళ టిఫిన్ సెంటర్‌లో టీవీకి రాస్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) తగిలించి మెనూ, రేట్లు చూపిస్తున్నా. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు వాళ్ళు మెయిన్ దించేసి వెళ్ళిపోతారు, షట్‌డౌన్ చేయమందామంటే అక్కడ కీబోర్డు కూడా లేదు, దాంతో ఎస్డీ కార్డులు పోతున్నాయి. కొత్త కార్డులో ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎలా మౌంట్ అవ్వాలో చెప్పే ఫైలు) రూట్‌కి, అంటే సిస్టమ్ ఉండే మెయిన్ పార్టిషన్‌కి ఆర్‌ఓ (రీడ్ ఓన్లీ) పెట్టా, ఇప్పుడు క్రోమియం బ్రౌజర్ తెరుచుకోవట్లేదు. అయినా కార్డు మీదున్న ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ (మధ్యలో ఆగిన మార్పుల్ని సరిచేసుకునే చిట్టా) ఉంది కదా, కార్డు ఎందుకు పోతోంది?

జవాబు: బ్రదర్, జర్నల్ కాపాడేది ఫైల్‌సిస్టమ్‌ని. కార్డు లోపలి కంట్రోలర్ పాత డేటాని కూడా అటూ ఇటూ జరుపుతుంటుంది, సరిగ్గా అప్పుడు కరెంటు తీసేస్తే ఎప్పుడో రాసిన ఫైలు కూడా చెడిపోవచ్చు, అక్కడ జర్నల్ ఏం చేయలేదు. అందుకే అసలు కార్డు మీద రాయకుండా చూసుకోవాలి.

క్రోమియం తన ప్రొఫైల్, క్యాష్ హోమ్ ఫోల్డర్‌లో రాసుకోవాలి, ఆర్‌ఓ పెడితే రాయలేదు. ఆ దారిలోనే పోవాలంటే టెంప్, లాగ్ ఫోల్డర్లు టెంప్‌ఎఫ్ఎస్ (ర్యామ్‌లో ఉండే ఫైల్‌సిస్టమ్) మీదకి మార్చాలి, స్వాప్ (ర్యామ్ చాలకపోతే కార్డుని వాడుకోవడం) ఆపాలి, లాగ్‌లు రాసే జర్నల్‌డీలో స్టోరేజ్ వోలటైల్ (ర్యామ్‌లోనే) చేయాలి, ఇంకా ఏది ఎక్కడ రాస్తోందో వెతుక్కుంటూ కూర్చోవాలి. డెస్క్‌టాప్ లేకుండా ఒక్క ప్రోగ్రామ్ నడిచే బాక్స్‌కైతే నేనూ అదే చేస్తా, మీకు మాత్రం ఓవర్లే (కార్డుని ముట్టకుండా మార్పులన్నీ పైన ర్యామ్ పొరలో రాసుకోవడం) బెటర్.

ముందు రూట్‌ని ఆర్‌డబ్ల్యూగా (రీడ్ రైట్) రీమౌంట్ చేసి ఎఫ్‌స్టాబ్‌లో ఆ ఆర్‌ఓ తీసేయండి. తర్వాత రాస్పీ కాన్ఫిగ్ (పై సెట్టింగ్స్ టూల్), అందులో పర్ఫార్మెన్స్ ఆప్షన్స్, ఓవర్లే ఫైల్ సిస్టమ్ ఎనేబుల్. బూట్ పార్టిషన్‌ని కూడా రైట్ ప్రొటెక్ట్ చేయాలా అని అడుగుతుంది, ప్రస్తుతానికి వద్దనండి, ఎందుకో కింద చెప్తా. ఇక రాసేవన్నీ ర్యామ్‌లోకే పోతాయి, కరెంటు తీస్తే మాయం, పొద్దున ఆన్ చేస్తే కార్డులో ఉన్నది ఉన్నట్టు లేస్తుంది.

ప్రశ్న: సూపర్ అన్నా, మరి రేట్లు మారిస్తే? అవి కూడా పోతాయా?

జవాబు: పోతాయి. రేట్ల ఫైలు ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ ఆప్షన్‌తో మౌంట్ చేయండి (ఓవర్లే ఆన్ కాకముందే, లేకపోతే ఈ మార్పు కూడా ర్యామ్‌తోనే పోతుంది), పెన్‌డ్రైవ్ పీకేసినా సిస్టమ్ బూట్ అవుతుంది. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: ఇప్పటి వెర్షన్లలో ఆ ఓవర్లే ఆప్షన్ వెనక నడిచేది ఓవర్లేరూట్ అనే ప్రోగ్రామ్, దాన్ని అలాగే వదిలేస్తే పెన్‌డ్రైవ్ మౌంట్‌ని కూడా ర్యామ్ కిందకి లాగేయొచ్చు, మీరేమో సేవ్ అయిందనుకుంటారు. బూట్ పార్టిషన్‌లో సీఎండీలైన్ ఫైలు (బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌కి ఇచ్చే ఆప్షన్లు ఇందులో ఉంటాయి) తెరిచి ఓవర్లేరూట్ ఈక్వల్స్ టెంప్‌ఎఫ్ఎస్ అని ఉన్నచోట దాని వెంటే స్పేస్ లేకుండా కోలన్, రికర్స్ ఈక్వల్స్ 0 అని చేర్చండి. బూట్ పార్టిషన్‌ని ప్రొటెక్ట్ చేయొద్దన్నది ఇందుకే, ఇది అయ్యాక ప్రొటెక్ట్ చేసేయండి.

టిఫిన్ సెంటర్‌కి తీసుకెళ్ళేముందు హోమ్‌లో ఒక ఫైలు, పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు సృష్టించి సింక్ కమాండ్ కొట్టి (రాయాల్సింది వెంటనే డ్రైవ్‌లో రాసేస్తుంది) ప్లగ్ లాగేయండి. మళ్ళీ ఆన్ చేస్తే మొదటిది ఉండకూడదు, రెండోది ఉండాలి.