షాడో టీచర్ పక్క సీట్లో ఉండాలా, వెనక బెంచీలోనా?

మూడో_బెంచీ:
రెండో తరగతి, సెక్షన్‌లో 40 మంది. బాబుకి ఆటిజం, మాటలు రెండు మూడు పదాల వరకే. లెక్కల పీరియడ్‌లో షీటు చించేసి బెంచీ కింద దూరతాడు. కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు స్కూలు పెట్టిన షరతు: షాడో టీచర్ (ఈ ఒక్క పిల్లాడికే తోడుగా క్లాసులో ఉండే మనిషి) పొద్దున గంట నుంచి సాయంత్రం గంట దాకా పక్క సీట్లోనే ఉండాలి. థెరపిస్టేమో వెనక్కి జరగమంటున్నారు. ఎవరి మాట సరైనదో కారణంతో చెప్పండి. "పిల్లాణ్ణి బట్టి ఉంటుంది" అని మాత్రం తప్పించుకోవద్దు.

ఏబీసీ_షీటు:
థెరపిస్టు మాటే. పెద్దమనిషి పక్కనే కూర్చుంటే పిల్లాడు టీచర్ వైపు చూడటం మానేస్తాడు. "పుస్తకం తీయండి" అనగానే 39 మంది తీస్తారు, వాడు మాత్రం పక్క మనిషి చెయ్యి కదిలేదాకా ఆగుతాడు. అమెరికా తరగతి గదుల్లో ఇదే గమనించి జియాంగ్రెకో అనే పరిశోధకుడి బృందం 1997లోనే రాసింది: సహాయకులు అంటిపెట్టుకుని ఉంటే తోటి పిల్లలు దూరమవుతారు, క్లాస్ టీచర్ కూడా ఆ పిల్లాడి బాధ్యత తనది కాదనుకుంటారు.

అయినా సీటు కంటే ముందు, ఎందుకు చించుతున్నాడో తేలాలి. 5 బడి రోజులు ఏబీసీ రాయండి: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే ఏమైంది. "కోపం వచ్చింది" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "20 లెక్కల షీటు ఇచ్చారు, 40 సెకన్లకు చించాడు, కారిడార్‌లోకి తీసుకెళ్లారు" అని రాయాలి. ఐదు రోజులూ చివరి గడిలో కారిడారే ఉంటే సంగతి తేలిపోయినట్టే: చించితే లెక్కలు చేసే పని తప్పుతుంది. పక్కన కూర్చున్నవాళ్లే రోజూ వాడికి చించడం నేర్పుతున్నారన్నమాట.

వీధిలో బోనాల డప్పులు మోగే వారం, ఒంటిపూట బడులు మొదలైన వారం ఈ లెక్క తీయకండి. నిద్ర, చప్పుడు, టైమ్‌టేబుల్ అన్నీ తారుమారుగా ఉంటాయి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో కూడా ముందే డాక్టరుకు చూపించండి.

గేటు_దగ్గర:
షీట్లు మంచిగనే ఉన్నయి. గానీ మన దగ్గర శానా స్కూళ్లల్ల గేటు దాటితే సీదా మెయిన్ రోడ్డే. ఉరికే పోరడైతే, కొరికే పోరడైతే వెనక బెంచీల కూసుంటే ఏం లాభం? మనం లేచే లోపల్నే తలుపు దాటుతడు. మొదటి రెండు మూడు వారాలు చెయ్యి అందేంత దూరంలనే ఉండాలె.

ఇంకోటి. కారిడార్‌కు తీస్కపోవుడు ఆపినంక గోల తగ్గది, ముందు పెరుగుతది. పది నిమిషాలది ఇరవై అయితది. గప్పుడు భయపడి "సరే, బయటికి పోదాం పా" అంటిరా, ఇంకా గట్టిగ మొత్తుకుంటెనే పనైతదని నేర్పినట్టే. గా వారం పక్కన మనిషి లేకుంటే క్లాస్ టీచర్ 39 మందిని ఇడిచిపెట్టి ఈడికొస్తదా?

ఏబీసీ_షీటు:
ఉరికే పిల్లల విషయంలో మీతో గొడవ లేదు. కానీ ఈ బాబు దూరేది బెంచీ కిందికి. ఇంకో పిల్లాడి ప్రమాదం చూసి ఈ పిల్లాడి సీటు నిర్ణయించకండి.

గోల పెరుగుతుందన్నది నిజం. అందుకే ఉత్తినే ఆపకూడదు, ముందు వేరే దారి చూపించాలి. అరచేతిలో పట్టేంత బ్రేక్ కార్డు ("కాసేపు ఆపుతా" అని అడగడానికి టీచర్ చేతికిచ్చే కార్డు) ల్యామినేట్ చేసి డెస్కు కుడి మూల వెల్క్రోతో అంటించండి. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లిష్, ఆయమ్మది హిందీ. కాబట్టి కార్డు మీద బొమ్మ, ఒకే మాట. 20 లెక్కల షీటును 5 మాత్రమే కనబడేలా మడవండి. 40 సెకన్లకు చించేవాడైతే 25 సెకన్ల దగ్గరే వెనక నుంచి చెయ్యి సాయం చేసి కార్డు టీచర్‌కి ఇప్పించాలి. చెయ్యి లాక్కుంటే బలవంతం వద్దు, కార్డు వైపు వేలు చూపిస్తే చాలు. నోరు మాత్రం మెదపొద్దు. అన్ని ప్రాంప్టుల్లోకీ, అంటే చేయాల్సింది గుర్తుచేసే సాయాల్లోకీ, మాటను తీసేయడమే కష్టం. "కార్డు ఇవ్వు, కార్డు ఇవ్వు" అని అలవాటైతే ఆ మాట వినిపించేదాకా ఇవ్వడు.

మొదటి వారం అడిగిన ప్రతిసారీ 2 నిమిషాల బ్రేక్, ఇసుక గడియారం పెట్టి. రెండో వారం నుంచి "ఇంకొక్క లెక్క, తర్వాత బ్రేక్", ఆ తర్వాత రెండు, మూడు. ఎక్కువగా చెడేది ఒక్కచోటే: చించాక కార్డు చూపిస్తారు. అప్పుడు చించడం, కార్డు, బ్రేక్ మూడూ కలిసి ఒక గొలుసవుతాయి.

రెండు_బీ_టీచర్:
అంతా బాగుంది మేడమ్, ఇదంతా రాసేదెవరు? షాడో చేతులు రెండూ పిల్లాడి దగ్గరే ఉంటాయి, నా చేతిలో చాక్‌పీసు ఉంటుంది. ఇంకోమాట, నేను బోర్డు దగ్గర ఉన్నప్పుడు కార్డు నాకెలా ఇస్తాడు? అయినా కార్డు టీచర్‌కే రావాలన్నది నిజమే. షాడో ఉన్న క్లాసుల్లో హోంవర్క్ డైరీ కూడా వాళ్ల చేతికే పోతుంది.

ఏబీసీ_షీటు:
రాయక్కర్లేదు. షాడోని ఎడమ జేబులో చింతగింజలు వేసుకోమనండి, ప్రాంప్ట్ ఇచ్చిన ప్రతిసారీ ఒకటి కుడి జేబులోకి. పీరియడ్ అయ్యాక లెక్కపెట్టి అంకె వేస్తే సరి. మొదటి రెండు వారాలు బాబు సీటు మొదటి వరుసలో, నడవ పక్కన. లెక్కలు ఇచ్చాక మీరు ఆ నడవలోనే తిరగండి. బోర్డు దగ్గరికి నడిచి రావడం తర్వాతి మెట్టు.

సెక్షన్_16:
2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో షాడో టీచర్ అనే మాటే లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లాడి అవసరానికి తగ్గ ఏర్పాట్లు, విడిగా తోడ్పాటు అందేలా చూడాలని 16వ సెక్షన్ అంటుంది. "మనిషిని మీరే తెచ్చుకోండి, జీతం మీరే ఇవ్వండి, లేదంటే పంపొద్దు" అనడానికి అందులో నాకు చోటు కనబడదు. స్కూలుకు కాగితం మీద మూడు ప్రశ్నలు పెట్టండి: పక్క సీటు ఎందుకు, ఎన్ని వారాలు, ఏ అంకె చూసి తీసేస్తారు. ప్లాన్ రాసేవాళ్లకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి. అసెస్‌మెంట్ కాగితం లేకపోతే బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

గేటు_దగ్గర:
ఏ అంకె చూసి అన్నది మంచి ప్రశ్న. "ఇప్పుడు నయమే" అని ఒక్కరోజుల వెనక్కి జరుగుతరు, మళ్ల గడబిడ అయితది.

ఏబీసీ_షీటు:
రోజుకి కాదు, పీరియడ్‌కి జరగాలి. డ్రాయింగ్, పీటీ ముందు. లెక్కలు అన్నిటికంటే ఆఖర్న. మెట్లు నాలుగు: పక్క సీటు, వెనక బెంచీ, గది చివర, తలుపు బయట. వరుసగా 3 రోజులు టీచర్ చెప్పిన పది మాటల్లో ఎనిమిదింటికి సాయం లేకుండా కదిలితే ఒక మెట్టు వెనక్కి. రెండు రోజులు వరుసగా సగానికి పడితే ఒక్క మెట్టే ముందుకి, మళ్లీ పక్క సీటు దాకా కాదు. ఈ అంకెలు శాసనమేమీ కాదు, కానీ ముందే రాసి పెట్టుకోకపోతే షాడోకి బుద్ధి పుట్టినప్పుడు జరుగుతారు. లంచ్‌లో మాత్రం మొదటి రోజు నుంచే దూరంగా ఉండాలి. డబ్బా మూత తీయమని పక్క పిల్లాణ్ణి అడిగే అవకాశం అక్కడే వస్తుంది.

గేటు_దగ్గర:
లంచ్‌లనే గదా గేటు తెరిచి ఉండేది!

ఏబీసీ_షీటు:
అందుకే షాడో నిలబడాల్సింది గేటు వైపు, పిల్లాడి నెత్తి మీద కాదు.