అప్‌డేట్: మిగిలిన చికెన్ ఈసారి ఎండిపోలేదు

పోయిన వారం అడిగాను కదా, ఆదివారం మిగిలిన కోడికూర, వేపుడు ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ముక్క పీచులా అవుతోంది, ఎన్నాళ్లు తినొచ్చో తెలియడం లేదని. మీరు చెప్పినట్టే చేసి చూశాను.

అసలు తప్పు నాదే. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదని గిన్నెను సాయంత్రం దాకా స్టవ్ మీదే వదిలేసేదాన్ని. రెండు గంటల్లోపు లోపలికి వెళ్లాలి, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో అయితే గంటే అన్నారు. మన మే నెలలో ఇక చెప్పేదేముంది! ఈసారి రెండు వెడల్పాటి స్టీలు డబ్బాల్లో పల్చగా సర్ది, ఫ్యాన్ కింద అరగంట ఉంచి, ముక్కలు గ్రేవీలో మునిగేలా చూసి మూత బిగించాను. మంగళవారం తీస్తే పైన నూనె తెట్టులా గడ్డకట్టి ఉంది, కింద ముక్క మాత్రం మెత్తగా, నిన్న వండినట్టే.

వేపుడుతోనే కాస్త తంటా. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరే. మూకుడులో రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్నని సెగ మీద బాగా ఆవిరి వచ్చేదాకా ఉంచితే తినగలిగేలా ఉంది, కరకర మాత్రం పోయింది.

తినేంతే తీసి వేడి చేస్తున్నాను, డబ్బా మొత్తం కాదు. మా అత్తయ్య ఇప్పటికీ వాసన చూసే తేలుస్తారు. వాసన రాకపోయినా పాడై ఉండొచ్చని చెప్పి, నాలుగో రోజు దాటితే పారేస్తున్నాను. మొన్న బుధవారానికే డబ్బా ఖాళీ అయింది, ఆ గొడవే రాలేదు.