గినీ పిగ్‌లకి వారం వారం స్నానం చేయిస్తున్నా వాసన పోవట్లేదు, ఏం చేయాలి?

మల్లెతీగ_హైదరాబాద్
మా ఇంట్లో రెండు గినీ పిగ్‌లు ఉన్నాయి, బొగ్గు, పల్లీ. రెండూ మగవే, ఏడాదిన్నర వయసు. పాప పుట్టినరోజుకని కొన్నాం, ఇప్పుడు చాకిరీ అంతా నాదే. ప్రతి ఆదివారం టబ్‌లో కూర్చోబెట్టి కుక్కల షాంపూతో రుద్దుతున్నా, మంగళవారానికల్లా మళ్ళీ వాసన. బొగ్గుగాడికి వెనక, తోక ఉండాల్సిన చోట, వెంట్రుకలు నల్లటి జిగురులా ముద్దకట్టాయి, దువ్వెన దిగట్లేదు. కుంకుడురసంతో రుద్దితే అదే పోతుందంటున్నారు మా అత్తయ్య, కాయలు నానబెట్టేశారు కూడా. పల్లీకేమో వీపు మీద చుండ్రులా పొట్టు రాలుతోంది. గోళ్ళు చూస్తే వంకర తిరిగి ఉన్నాయి, బొగ్గువి నల్లగా ఉంటాయి కాబట్టి కత్తిరించాలంటే చేతులు వణుకుతున్నాయి. పెంచినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గడ్డిమోపు
ముందు ఆ ఆదివారం స్నానాలు ఆపేయండి మేడమ్. పొట్టి బొచ్చువాటికి ఏడాదికి ఒకటో రెండో స్నానాలు చాలు, అదీ ఒళ్ళు నిజంగా పాడైతేనే. వారానికోసారి షాంపూ పెడితే చర్మంలో నూనె పోయి పొట్టు లేస్తుంది. వాసన చాలావరకు వాటిది కాదు, కింద వేసే గుడ్డది. ఉచ్చ తడి ఉన్నచోట రోజూ మార్చి, వారానికోసారి మొత్తం తీసి ఉతికితే తేడా మీకే తెలుస్తుంది.

బొగ్గుకి వెనక ఉన్నది మురికి కాదు, అక్కడ జిడ్డు గ్రంథి ఉంటుంది, మగవాటికి ఎక్కువగా ఊరుతుంది. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకోండి, జిడ్డు మెత్తబడ్డాక దూదితో తుడవండి. గట్టిగా గోకి పీకితే పుండు పడుతుంది. తర్వాత బేసిన్‌లో రెండు అంగుళాల గోరువెచ్చని నీళ్ళు పోసి అడుగున టవల్ పరిస్తే కాళ్ళు జారవు, వెనక భాగం మాత్రమే కడగండి. తల మీద నీళ్ళు పోయకండి, చెవుల్లోకి పోనివ్వకండి. షాంపూ తప్పదంటే చిన్న జంతువులకని అమ్మేది వాడండి, కుక్కలది వద్దు, పేలమందు కలిసిందైతే మరీ ప్రమాదం. ఇక కుంకుడురసం మన కళ్ళల్లో పడితేనే ఇల్లు పీకి పందిరేస్తాం, పాపం వాటి సంగతి ఏంటి? కడిగాక పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్, ఏసీ కింద పెట్టకండి. చలి తగిలితే వీటికి తేలిగ్గా ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

తెనాలి_వాసి
గోళ్ళ సంగతి నేను చెప్తా. ముందు కాళ్ళకి నాలుగేసి, వెనక కాళ్ళకి మూడేసి, మొత్తం 14. అన్నీ ఒకేసారి అవ్వాలని పట్టుబట్టకండి, నేనైతే రోజుకి ఒక కాలే. నల్ల గోరైతే కింది నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి, లోపల రక్తనాళం నీడలా కనిపిస్తుంది, దానికి కాస్త ముందే ఆపేయండి. మా ఆవిడ పట్టుకుని కొత్తిమీర కాడ నోటికందిస్తుంది, అది నములుతున్నంతసేపే నాకు టైమ్. ఒకసారి తప్పి రక్తం వచ్చింది, కార్న్‌ఫ్లోర్ అద్ది దూదితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగింది. నెలకోసారి కత్తిరిస్తే వంకర తిరగవు.

డాలస్_తెలుగమ్మాయి
ఆ పొట్టు విషయం తేలిగ్గా తీసుకోకండి అక్కా. గోక్కుంటోందా, వెంట్రుకలు ఊడుతున్నాయా చూడండి. పురుగు (మైట్స్) అయితే కంటికి కనిపించదు, మాదానికి దురద ముదిరి ఫిట్స్ దాకా వెళ్ళింది. దానికి ఐవర్మెక్టిన్ అనే మందు ఇస్తారు కానీ బరువు చూసి డాక్టరే లెక్క కట్టాలి, ఆన్‌లైన్‌లో చూసి మీరు వేయకండి. ఉన్న రెండింటికీ ఒకేసారి వైద్యం చేయించాలి. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే ఫంగస్ కావచ్చు, అది మనుషులకీ అంటుకుంటుంది, పాప జాగ్రత్త. ఇంకోటి, మనలాగే వీటికీ ఒంట్లో విటమిన్ సి తయారుకాదు, తక్కువైతే బొచ్చు గరుకుబారుతుంది. రోజూ కాప్సికం ముక్క ఇవ్వండి, అప్పుడప్పుడూ చిన్న జామముక్క.

మల్లెతీగ_హైదరాబాద్
అందరికీ థాంక్స్. కొబ్బరినూనె పనిచేసింది, మూడుసార్లు రాస్తే కానీ జిడ్డు పూర్తిగా వదల్లేదు, దూది మీద కాటుకలాగా వచ్చింది. పల్లీని డాక్టర్‌కి చూపించా, అనుకున్నట్టే పురుగే. వంటింటి త్రాసు మీద పెడితే 940 గ్రాములు, దాన్ని బట్టి మందు రాశారు, రెండింటినీ మళ్ళీ తీసుకురమ్మన్నారు. నేను షాంపూ పొట్టే అనుకుని ఇన్నాళ్ళూ కూర్చున్నా. గోళ్ళు ఇప్పటికి ఆరు అయ్యాయి, ఎనిమిది బాకీ. కుంకుడుకాయలు వృథా అవుతాయని మా అత్తయ్య నా తలకి పెట్టారు.