ఉదయగిరి వైపు కొండల్లో ఒక్కడినే టెంట్ వేసుకుని పడుకోవాలని ఉంది, ఎవరైనా చేశారా?

కొండగాలి_నెల్లూరు

అందరికీ నమస్తే. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసి రండి, తర్వాత సీరియస్‌గా చెప్పండి. నాకు చిన్నప్పటి నుంచి బిగ్‌ఫుట్ అంటే పిచ్చి. అమెరికాలో వాషింగ్టన్, ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా అడవుల్లో తిరుగుతుందంటారే, ఏడెనిమిది అడుగుల ఎత్తు, ఒళ్ళంతా బొచ్చు, రెండు కాళ్ళ మీద నడిచేది, అదే. దాని కోసం ఒక్కళ్ళే అడవికి పోయి, టెంట్ వేసుకుని, రాత్రిపూట చెట్టు మీద కర్రతో గట్టిగా కొట్టి, ఎదురు చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళు అక్కడ బోలెడుమంది. ఆ వీడియోలు చూసి చూసి నాకూ ఒక రాత్రి అట్లా గడపాలని పట్టుకుంది. అమెరికా పోయే స్తోమత ఇప్పట్లో లేదు, మన వెలిగొండలే దిక్కు.

ఊరికే అనడం లేదు. మా అమ్మమ్మ వాళ్ళది సీతారామపురం దగ్గర పల్లె. పోయిన వానల్లో మేకలు తోలుకుపోయిన మా మామ, కొండ కింద కుంట గట్టున బురదలో అడుగులు చూసి, పక్కన తన చెప్పు పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి పంపాడు. చూస్తే మనిషి పాదమే. మడమ ఉంది, ఐదు వేళ్ళున్నాయి. కానీ చెప్పు కంటే బాగా వెడల్పు, పైగా బొటనవేలు పెద్దదిగా లేదు, ఐదూ ఒకే సైజులో ఒకే వరసలో ఉన్నాయి. వేళ్ళకు ముందు, కాస్త ఎడంగా, మేకులు దిగ్గొట్టి పీకినట్టు చిన్న గుంటలు. "ఏందబ్బయా ఇది, కొండమనిషా" అని మామ నవ్వతానే అడిగాడు కానీ ఆ తర్వాత మేకల్ని అటు తోలడం మానేశాడు.

నేను అడిగేది ఏమిటంటే, ఆ కొండల్లో ఒక్కడినే ఒక రాత్రి ఉండనిస్తారా, ఎవరినైనా అడగాలా, భయపడాల్సింది దేనికి? టెంట్ కొనేశాను, వాపసు కూడా తీసుకోరు.

ఒంగోలు_గిత్త

తమ్ముడూ, ఉదయగిరి దుర్గం పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకే ఏడాదికి పైన పట్టింది, 1514లో గానీ లొంగలేదు. ఆయన వెనకాల సైన్యం ఉంది, నీ దగ్గర వాపసు తీసుకోని టెంట్ ఉంది. ముందు మీ ఇంటి మిద్దె మీద ఒక్కడివే ఒక రాత్రి పడుకుని చూడు, దోమలకు తట్టుకుంటే అప్పుడు కొండ సంగతి చూద్దాం.

కలువాయి_చిన్నోడు

గిత్తన్న నవ్వించాడు కానీ నేను మాత్రం సీరియస్‌గానే చెప్తున్నా, ఆ చెట్టు మీద కర్రతో కొట్టే పని మాత్రం మన వైపు కలలో కూడా చెయ్యొద్దు బ్రో. నువ్వు చెప్పే కొండలు, రాపూరు, కలువాయి, ఇటు కడప వైపు దిగే అడవి అంతా ఎర్రచందనం పెరిగే నేల. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల నాలుగైదు జిల్లాల్లోనే. అర్ధరాత్రి కొండలో టక్ టక్ మని కర్ర చప్పుడు వినపడితే కాపలా కాసే అటవీశాఖ బేస్‌క్యాంప్ వాళ్ళకి బిగ్‌ఫుట్ గుర్తుకు రాదు, గొడ్డలి గుర్తుకు వస్తుంది. ఒంటరిగా, సంచితో, తలకు లైటు కట్టుకుని కనపడ్డావనుకో, నేను కొండమనిషి కోసం వచ్చాను సార్ అంటే ఎవడు నమ్ముతాడు? నేనే నమ్మను. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో ఎర్రచందనం నరుకుతున్నారని పోలీసులు చేసిన ఎన్‌కౌంటర్‌లో 20 మంది పోయారు. అప్పటి నుంచి మా ఊళ్ళో కట్టెలకు పోయే ముసలమ్మలు కూడా పొద్దు వాలకముందే కొండ దిగేస్తారు. ఇటు పోలీసులు, అటు నిజంగానే నరికేవాళ్ళు. ఆ రెండో రకం వాళ్ళు చీకట్లో నీ మొహాన లైటేస్తే నువ్వేం చెప్తావో ఆలోచించుకో.

బీటు_బాబాయి

నేను అటవీశాఖలో చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఈ వైపే. కలువాయి అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. చట్టం సంగతి కూడా చెప్తాను. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడమే 1967 నాటి మన రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, దానికి పైగా 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. గుడికి పోయేవాళ్ళ దారి వేరు, అడవిలో రాత్రి బస వేరు. ఒంటరి మనిషికి రాత్రి బసకు ఎవరూ సంతకం పెట్టరు, నేనున్నా పెట్టేవాణ్ణి కాదు.

ఇక అడుగుల సంగతి. అబ్బయా, నువ్వు రాసింది చదవగానే నాకు తెలిసిపోయింది, అది ఎలుగు. మనలాగే మడమ ఆనించి నడిచే జంతువు కాబట్టి వెనక కాలి అడుగు అచ్చం మనిషి పాదంలా పడుతుంది. పులి, చిరుత, నక్క వేళ్ళ మీద నడుస్తాయి, వాటి అడుగులో మడమ కనపడదు. మన ఎలుగుకి వేళ్ళు ఇంచుమించు సమానంగా, తిన్నగా ఒక గీతలో ఉంటాయి. నువ్వు చెప్పిన గుంటలు గోళ్ళవి. ముందు కాలి గోళ్ళు మూడంగుళాల దాకా ఉంటాయి, అందుకే వేళ్ళకు అంత ఎడంగా గుచ్చుకుంటాయి. ఒక్కోసారి ముందు కాలు పెట్టిన చోటే వెనక కాలు సగం పడుతుంది. అప్పుడు రెండు అడుగులు కలిసిపోయి ఒకటే పొడుగు పాదం తయారవుతుంది, కొత్తవాడు చూస్తే గుండె జారిపోతుంది. బురద ఆరే కొద్దీ అంచులు విచ్చుకుని ఇంకా పెద్దదవుతుంది. మీ మామను ఇంకో ఫోటో ఉంటే పంపమను, వరసగా నాలుగైదు అడుగులు కనపడేది. రెండు కాళ్ళదా నాలుగు కాళ్ళదా అక్కడే తేలిపోతుంది.

భయపడాల్సింది దేనికని అడిగావు గదా, దీనికే. ఎలుగు నిన్ను వెతుక్కుంటూ రాదు. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం, ముక్కు మాత్రం గట్టిది. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి చెదలు పీల్చుకుంటూ ఉంటే లోకం పట్టదు, ఆ ఊదుడూ పీల్చుడూ వంద గజాల అవతలికి వినపడతాయి. ఆ టైములో నువ్వు మలుపు తిరిగి ఎదురుపడ్డావనుకో, పారిపోదు, మీదికొస్తుంది. వచ్చిందంటే మొహం మీద, తల మీద. బతికి బయటపడ్డవాళ్ళను ఆసుపత్రిలో చూశాను, అది రాయను. నిలబడటం అంటావా, వాసన పట్టడానికి, బెదిరించడానికి రెండు కాళ్ళ మీద లేస్తుంది. తల్లి అయితే పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, మసక చీకట్లో ఆ ఆకారం చూసినవాడు ఊళ్ళోకొచ్చి ఏం చెప్పినా నేను తప్పుపట్టను.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. టెంట్ జిప్పు మూయడం మర్చిపోతే కట్లపాము. ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్ళనే కాటేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో తెలియదు కూడా. తోడు మనిషి ఉంటే కనురెప్పలు వాలిపోతున్నాయని వాడైనా చూస్తాడు. ఒక్కడివే ఉంటే ఎవరు చూస్తారు?

గూడూరు_టు_సియాటెల్

ఊరి కబుర్లు చూసి ప్రాణం లేచొచ్చింది. నేను బిగ్‌ఫుట్ సొంతూరి పక్కనే ఉంటున్నాను కాబట్టి నా వంతు. ఇక్కడ దుకాణాల్లో స్టిక్కర్లు, కప్పులు, హోటళ్ళ ముందు చెక్క బొమ్మలు, అన్నిటి మీదా ఆయనే. మా రాష్ట్రంలో స్కమేనియా అనే కౌంటీలో అయితే 1969లో దాన్ని చంపకూడదని ఆర్డినెన్సు కూడా చేశారు, అప్పట్లో 10,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. జంతువును కాపాడ్డానికి కంటే, బొచ్చుకోటు వేసుకున్న మనిషిని ఎవడైనా కాల్చేస్తాడనే భయంతో చేశారేమోనని నా అనుమానం.

తమ్ముడూ, ఆ పేరు ఎట్లా పుట్టిందో తెలుసా? 1958లో ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనిలో జెర్రీ క్రూ అనే బుల్డోజర్ డ్రైవర్‌కి పొద్దున్నే బండి చుట్టూ పదహారంగుళాల అడుగులు కనపడ్డాయి. ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు, స్థానిక పేపర్లో ఫోటో పడింది, దేశమంతా పాకింది. ఆ పని కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో చనిపోయాక, ఇంట్లోవాళ్ళు చెక్కతో చెక్కిన పెద్ద పాదాలు బయటపెట్టి ఇది మా నాన్న చేసిన తమాషా అన్నారు. అదే బ్లఫ్ క్రీక్‌లో 1967 అక్టోబర్ 20న ప్యాటర్‌సన్, గిమ్లిన్ అనే ఇద్దరు తీసిన నిమిషం ఫిల్ము నువ్వు చూసే ఉంటావు, నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తుంది. దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. వెంట్రుకలు దొరికాయని తెచ్చినవాళ్ళవి కూడా 2014లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ బ్రయన్ సైక్స్ బృందం డీఎన్ఏ పరీక్ష చేస్తే ఎలుగు, గుర్రం, ఆవు, ఒకటి మనిషిదే అని తేలింది. బాబాయి గారు చెప్పినట్టు ఇక్కడా చాలామందికి కనపడింది నిలబడిన నల్ల ఎలుగే అయ్యుంటుంది.

అయినా నేను క్యాంపింగ్‌కి పోతాను, ఒక్కడినే పోతాను, ఒప్పుకుంటున్నాను, రాత్రి కొమ్మ విరిగిన చప్పుడైతే ముందు ఆ పేరే మెదులుతుంది. కానీ ఇక్కడ క్యాంప్‌గ్రౌండ్ అని గీత గీసి, నంబరిచ్చి, అన్నం పెట్టె దాచుకోవడానికి ఎలుగు తెరవలేని ఇనుప డబ్బా కూడా పెట్టి ఉంచుతారు. మన దగ్గర అవేమీ లేకుండా వీడియోలో చూసింది మాత్రం చేస్తానంటే కుదరదు.

కొండగాలి_నెల్లూరు

బాబాయి గారూ, చాలా థాంక్సండీ. ఎలుగే అంటే కొంచెం నీరసం వచ్చింది, నిజం. కానీ ఒక మాట. కలివికోడి అనే పిట్ట కూడా లేదు లేదు అని 86 ఏళ్ళు చెప్పి చివరికి కడప జిల్లాలో దొరకలేదా? చదువుకున్నవాళ్ళందరూ అంతరించిపోయిందని రాసేసుకున్నారు. మరి పెద్ద జంతువు విషయంలో అంత గట్టిగా లేదని ఎట్లా చెప్తాం?

పిట్టలపిచ్చి

ఈ ప్రశ్న కోసమే లాగిన్ అయ్యాను. తమ్ముడూ, కలివికోడి నీ వాదనకి అస్సలు సాయం చెయ్యదు, చెప్తా విను.

మొదట దాన్ని 1848లో లోకానికి చెప్పింది జెర్డాన్, మన నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేసిన మనిషి. అంటే అది కథ కాదు, చేతిలోకి వచ్చిన పిట్ట, కొలతలు రాసిన పిట్ట. 1900 తర్వాత కనపడలేదు, సరే. చిన్న ప్రాణి, మట్టి రంగు, రాత్రిపూట తుప్పల మధ్య తిరుగుతుంది, తప్పిపోవడంలో వింతేముంది? 1986 జనవరిలో దొరికింది కూడా కొండెక్కి ఒంటరిగా టెంట్‌లో కూర్చున్నవాళ్ళకి కాదు. ఊళ్ళల్లో బొమ్మలు చూపించి అడుగుతూ తిరిగారు, పిట్టలు పట్టే ఐతన్న అనే ఆయన టార్చి వెలుగులో చేత్తో పట్టుకున్నాడు. పాపం ఆ పిట్ట బతకలేదు.

తర్వాత వెతికిన తీరు ఇంకా బాగుంటుంది. తుప్పల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, పొద్దున్నే పోయి ఏ అడుగులు పడ్డాయో చూసేవాళ్ళు. పిట్ట అడుగు పడిన చోట, ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్ పెట్టారు, కూత రికార్డు చేసి వినిపించి బదులు వస్తుందేమో చూశారు. నీ వీడియోల్లో వాళ్ళు చేసేదీ ఇంచుమించు ఇదే కదా, అడుగులు వెతకడం, చప్పుడు చేసి బదులు కోసం ఆగడం. తేడా ఏమిటంటే ఇక్కడ బదులొచ్చింది, ఫోటో పడింది.

పెద్ద జంతువు సంగతా? 2018-19 పులుల లెక్కింపులో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు మూడున్నర కోట్ల ఫోటోలు వచ్చాయి. పులులవి 76,651, చిరుతలవి 51,777. అన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా ఏడడుగుల బొచ్చు మనిషి నడుచుకుంటూ పోయి ఉంటే ఆ రోజు టీవీలో ఇంకో వార్త ఉండేదా? పైగా మన దేశంలో తోకలేని కోతి జాతి అంటే ఈశాన్యంలో ఉండే గిబ్బన్ ఒక్కటే. ఇక్కడ కొండముచ్చులు, కోతులు, అదృష్టముంటే శేషాచలం వైపు దేవాంగపిల్లి. దాని కళ్ళు టార్చికి ఎట్లా మెరుస్తాయో చూస్తే నీ బిగ్‌ఫుట్ దాహం సగం తీరుతుంది, నిజంగా చెప్తున్నా.

ఒంగోలు_గిత్త

అక్క లాజిక్‌కి దండం. తమ్ముడూ, అంత అడవి కావాలంటే మా వైపు రా. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వాళ్ళే జీపులో సఫారీ తిప్పుతారు. రాత్రి ఉండాలంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో వాళ్ళదే జంగిల్ క్యాంప్ ఉంది, టెంట్లు కూడా ఉంటాయి. మీ నెల్లూరు ఆత్మకూరు కాదు సామీ, నంద్యాల ఆత్మకూరు, మళ్ళీ సోమశిల దగ్గర దిగి నాకు ఫోన్ చేసేవు.

కొండగాలి_నెల్లూరు

బైర్లూటి చూస్తాను అన్నా. ఈలోపు మామతో మాట్లాడాను. కొండ కింద వాళ్ళ పట్టా భూమిలో వేరుశనగ వేశారు, పందుల కాపలాకి మంచె ఉంది. టెంట్ అక్కడ వేసుకో, నేనూ పక్కనే ఉంటాను అన్నాడు. కుంట గట్టు అక్కడికి కనపడుద్ది. గట్టు మీద అక్క చెప్పినట్టు మెత్తటి మన్ను పరిచి చూద్దామని. ఇది చెయ్యొచ్చా బాబాయి గారూ?

బీటు_బాబాయి

పట్టా భూమిలో, మీ మామ తోడుగా ఉంటే నిక్షేపంగా చెయ్యి. టెంట్ నేల మీద వద్దు, మంచె పైన వేసుకో, పట్టకపోతే దోమతెర చాలు. తినేవి, ముఖ్యంగా పండ్లు, బెల్లం, పైన పెట్టుకోవద్దు. చీకటి పడ్డాక దిగాల్సి వస్తే ముందు టార్చి వేసి నేల చూసి, గట్టిగా మాట్లాడుతూ దిగు. మన్ను పొద్దు ఉండగానే పరిచి వచ్చెయ్యి, మళ్ళీ బాగా తెల్లారాకే పోవాలి, తెల్లవారుజాము ఎలుగు కొండెక్కే వేళ. చుట్టూ పందులకు కరెంటు తీగ ఎవరైనా లాగి ఉన్నారేమో మామను ముందే అడుగు. అది అన్నిటికంటే ప్రమాదం, నేరం కూడా. అడుగులు పడితే స్కేలు పెట్టి ఫోటో తియ్యి, చెప్పు పెట్టి కాదు.

కలువాయి_చిన్నోడు

కర్రతో కొట్టుడు మాత్రం లేదు కదా?

కొండగాలి_నెల్లూరు

లేదు బ్రో. కర్ర పందుల డబ్బా కొట్టడానికేనంట, అది కూడా మామే కొడతాడంట.