కో టావోకు స్కూబా నేర్చుకోను పోతున్నరు. "డెత్ ఐలాండ్" అంటున్నరు, దేనికి భయపడాలె?

హన్మకొండ_చౌరస్తా:
తమ్ముడు, వాని దోస్తులు ముగ్గురు (అండ్ల ఇద్దరు ఆడపిల్లలు) ఫిబ్రవరిల థాయ్‌లాండ్ పోయి కో టావో దీవిల ఓపెన్ వాటర్ కోర్సు (కొత్తోళ్లకు స్కూబా నేర్పే మొదటి కోర్సు) చేస్తమంటున్నరు. ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల పిల్లలు. ఈతొచ్చు గని సముద్రం ఎరుగరు. అమ్మ యూట్యూబ్‌ల ఏదో వీడియో చూసి టికెట్లు క్యాన్సిల్ చేయమని కూసున్నది. మర్డర్లు అయినయంట, పోలీసులు పట్టించుకోరంట. అసలు సంగతేంది, ఏం జాగ్రత్తలు చెప్పి పంపాలె? ఎరుకున్నోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్:
ఆ పేరు ఉత్తగనే రాలేదు. 2014 సెప్టెంబర్ 15 పొద్దున సాయ్‌రీ బీచ్ మీద ఇద్దరు బ్రిటిష్ టూరిస్టుల శవాలు దొరికినయి. మయన్మార్ నుంచి పనికొచ్చిన ఇద్దరికి 2015 డిసెంబర్‌ల మరణశిక్ష పడ్డది, 2020ల రాజు క్షమాభిక్షతో యావజ్జీవంగ మారింది. డీఎన్‌ఏ సాక్ష్యం మీద, దర్యాప్తు జరిగిన తీరు మీద అనుమానాలు ఇంక పోలేదు. ఆ తర్వాత దీవిల టూరిస్టులు ఎట్ల సచ్చినా, మునిగినా, బండి మీదికెళ్లి పడ్డా, అన్నిటినీ ఒక్క దండల గుచ్చి లండన్ పేపర్లు ఆ పేరు పెట్టినయి.

దీవి మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, మన గ్రేటర్ వరంగల్‌ల ఇరవయ్యో వంతు ఉంటదేమో. పోలీసులు కొద్దిమందే. పెద్ద కేసైతే బయటి నుంచి అధికారులు పడవల రావాలె. అమ్మ భయంల ఆ ముక్క నిజమే.

రాత్రి సంగతి ఇట్ల చెప్పుండ్రి: బార్ల నుంచి రూముకు బీచ్ ఒడ్డు పట్టుకొని పోవద్దు, రోడ్డు మీద వెలుతురుల పోవాలె, కనీసం ఇద్దరు కలిసి. ప్లాస్టిక్ బకెట్ల మందు కలిపి నాలుగు స్ట్రాలేసి అమ్ముతరు. అండ్ల ఎంత పోసిన్రో తాగెటోనికి తెల్వదు, పక్కకు పెట్టి డ్యాన్స్‌కు పోతే ఎవడేం కలిపినా తెల్వదు. బీరైతే మూత కండ్ల ముందట తీయించుకోవాలె. ఆడపిల్లలకే కాదు, ఇది నలుగురికీ చెప్పాలె. రూము బుక్ చేసేటప్పుడు కిటికీకి లోపలి గడియ ఉన్నదా అని మెసేజ్ పెట్టి అడగండి. డార్మిటరీ అయితే సొంత తాళం పట్టుకపోవాలె.

మానేరు_గట్టు:
అక్కా, మర్డర్ల సంగతి అట్లుంచండి. ఆ దీవిలో మన పిల్లలను ఖాయంగా ఇబ్బంది పెట్టేది స్కూటీ.

అద్దెకిచ్చే షాపులు పాస్‌పోర్ట్ డిపాజిట్ అడుగుతాయి. తిరిగిచ్చేటప్పుడు బంపర్ కింద గీత చూపించి, మొత్తం ప్యానెల్ మార్చాలని వేల బాత్‌లు (అక్కడి డబ్బు) అడుగుతారు. పాస్‌పోర్ట్ వాళ్ళ చేతిలో ఉంటుంది, పడవకు గంటే టైముంటుంది, ఇంక బేరం ఎక్కడిది? కట్టేసి వచ్చేస్తారు. అందుకే ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. జిరాక్స్, మూడు నాలుగు వేల బాత్‌ల నగదు డిపాజిట్ పెడితే ఒప్పుకునే షాపులు ఉంటాయి. లేకపోతే ఇంకో షాపు. బండి తీసుకునే ముందు షాపతను ఫ్రేములో పడేలా వీడియో తీయాలి: రెండు అద్దాలు, బ్రేక్ లివర్ల చివర్లు, చక్రాల రిమ్ములు, సైలెన్సర్, వంగి కింది ప్లాస్టిక్ కూడా. గొడవైతే టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు.

ఇంకోటి లైసెన్స్. మన లైసెన్స్ ఒక్కటే అక్కడ చెల్లదు. ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది, అందులో టూవీలర్ క్లాసు ఉండాలి. కారు లైసెన్స్ మీద తీసుకున్న పర్మిట్‌తో స్కూటీ నడిపి పడితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు. టానోటె, ఆవ్ లెక్ వైపు దిగుడు రోడ్లు నిటారుగా ఉంటాయి, మలుపుల్లో సిమెంటు మీద ఇసుక పేరుకుంటుంది. ముందు బ్రేక్ గట్టిగా పట్టారంటే చక్రం జారినట్టే. దిగేటప్పుడు కుడి పిక్క సైలెన్సర్‌కు తగిలి కాలడం ఎంత మామూలంటే, దానికి "థాయ్ టాటూ" అని పేరే పెట్టారు.

పచ్చి గాయంతో సముద్రంలోకి దిగనివ్వరు, దిగినా చీము పడుతుంది. అంటే బండి మీద పడ్డ రోజే కోర్సు పోయినట్టు. నాలుగు డైవులూ అయ్యేదాకా బండి జోలికే పోవద్దని చెప్పండి. సాయ్‌రీ, మే హాద్ రేవు మధ్య నడిచే దూరమే. సామాను ఉంటే పికప్ ట్యాక్సీ ఎక్కాలి. రేటు మనకు ఎక్కువే అనిపిస్తుంది, కానివ్వండి.

లక్నవరం_లోతు:
డైవింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్త.

కో టావోల కోర్సు చవక, కాబట్టి గుంపులు పెద్దవైతయి. పాడీ (డైవింగ్ కోర్సులకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) రూల్ ప్రకారం సముద్రంల ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. కొత్తోళ్లకు అది ఎక్కువ. నలుగురున్నరు కదా, మా నలుగురికే ఒక ఇన్‌స్ట్రక్టర్ అని రాతల తీసుకోండి. ఆయన నంబరు అడిగి పాడీ సైట్‌ల కొట్టి చూస్తే టీచింగ్ స్టేటస్ కనబడ్తది. పడవ మీద ఆక్సిజన్ కిట్ ఉన్నదా, అందరు నీళ్లల్ల ఉన్నప్పుడు పైన ఎవరుంటరు, ప్రతి డైవ్ తర్వాత పేర్లు పిలుస్తరా అని అడగాలె. జవాబు నసిగితే వేరే షాపు చూసుకోండి.

సామాను చెకింగ్ ఇన్‌స్ట్రక్టర్ మీద వదిలెయ్యద్దు. సిలిండర్ 200 బార్ (గాలి ప్రెషర్ కొలత) దగ్గర ఉండాలె. రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే సామాను) నోట్ల పెట్టుకొని, మీటర్ చూసుకుంట నాలుగైదు సార్లు గట్టిగ పీల్చాలె. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి ఊగి మళ్ల లేస్తే వాల్వ్ సగమే తెరిచినట్టు. పైన బాగనే గాలొస్తది, లోతుకు పోయినంక ఆడదు. గాలి నూనె వాసనొస్తే సిలిండర్ మార్పించాలె. 50 బార్ మిగిలి ఉండంగనే పైన ఉండాలె. నీళ్ల మీదికి తేలంగనే ముందు తేలనిచ్చే డైవింగ్ జాకెట్‌ల గాలి నింపాలె, మాస్క్ తీసుడు తర్వాత. పైన లాంగ్‌టెయిల్ పడవల ఫ్యాన్లు తిరుగుతుంటయి, పైన పడవలోళ్లకు కనబడేటట్టు గాలి నింపి తేల్చే ఆరెంజ్ గుర్తు గొట్టం లేకుంట గైడ్ నుంచి దూరం పోవద్దు.

జలుబుంటే డైవ్ బంద్. రాత్రి తాగితే తెల్లారి బంద్. ఆస్తమా, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మెడికల్ ఫామ్‌ల దాచొద్దు, డాక్టర్ సంతకం ఇక్కడ వరంగల్‌లనే చేయించుకోవాలె. అక్కడికి పోయినంక "యెస్" అని టిక్ పడ్డదంటే దీవిల డాక్టర్ దగ్గర పైసలు, ఒక రోజు రెండూ పోతయి.

హన్మకొండ_చౌరస్తా:
మస్తు థాంక్స్. రిటర్న్ పక్క దీవి సముయ్ నుంచి ఫ్లైట్, ఆఖరి డైవ్ అయిన రోజు సాయంత్రమే ఉన్నది. ఇన్సూరెన్స్ ట్రావెల్ పాలసీ తీసుకున్నం.

లక్నవరం_లోతు:
ఆ ఫ్లైట్ మార్చాలె అక్కా. రెండు మూడు రోజులు వరసగ డైవ్ చేసినంక కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. రక్తంల మిగిలిన నైట్రోజన్ పైన ప్రెషర్ తగ్గంగనే బుడగలైతది. తేదీ మారకుంటే ఆఖరి రోజు డైవ్ మానాలె.

మానేరు_గట్టు:
పాలసీలో "స్కూబా" అన్న మాట వెతకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు పెడతారు, కొన్నిటిలో లోతుకు హద్దు ఉంటుంది. ఓపెన్ వాటర్ 18 మీటర్లు, దానికి సరిపోవాలి. రీకంప్రెషన్ చాంబర్ (రక్తంలో బుడగలు వస్తే ప్రెషర్ పెంచి చికిత్స చేసే గది) ఖర్చు ఉందో లేదో అడగండి, అది లేకుంటే బిల్లు లక్షల్లో వస్తుంది. డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ డైవింగ్ పాలసీ విడిగా దొరుకుతుంది.

దొంగతనమైనా, చెయ్యి వేసినా దీవి దాటకముందే స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోవాలి. ఆ కాపీ లేకుంటే క్లెయిమ్ కాదు, ఇక్కడికొచ్చాక ఎవరూ ఏం చేయలేరు. ఫేస్‌బుక్‌లో షాపు పేరు పెట్టి తిట్టొద్దు. అక్కడ పరువునష్టం క్రిమినల్ కేసు. 2018లో ఆ దీవి మీద వచ్చిన ఒక అత్యాచార ఆరోపణను షేర్ చేసినవాళ్ళను కంప్యూటర్ క్రైమ్ చట్టం కింద అరెస్టు చేశారు. బ్యాగులో వేప్‌లు (ఈ-సిగరెట్లు) ఉంటే ఇంట్లోనే తీసేయించండి, థాయ్‌లాండ్‌లో నిషేధం.

కాజీపేట_జంక్షన్:
అంబులెన్స్ 1669. బయలుదేరే ముందు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌ల నింపాలె, ఫ్రీ. పైసలు అడిగే సైట్లు దొంగవి.