సమస్యాపూరణం: మావి కన్న మేలు మఱి తురాయి

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఇది. ఈ పాదంతో ముగిసేలా పద్యం అల్లాలి. మావి అంటే మామిడి, తురాయి అంటే ఎర్రపూల గుల్‌మొహర్ చెట్టు.

*మావి కన్న మేలు మఱి తురాయి*

ఆటవెలదిలో (ఆ.వె.) నాలుగో పాదం. మావి, కన్న, మేలు, మఱితు, రాయి అని అయిదూ సూర్యగణాలే (గురువు అంటే బరువైన అక్షరం, లఘువు అంటే తేలికది; గురువు తర్వాత లఘువు వస్తే హగణం, మూడూ లఘువులైతే నగణం, ఈ రెండే సూర్యగణాలు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన జత, మా–మ. ఆటవెలదికి ప్రాస (పాదాలన్నిటా రెండో అక్షరం కలవడం) బెడద లేదు కాబట్టి కొత్తవాళ్ళు కూడా ధైర్యంగా దిగండి.

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెప్పేస్తాను. మా పెరట్లో పెద్ద రసం మామిడి చెట్టు ఉంది, ఎదురుగా రోడ్డు మీద తురాయి ఉంది. మే నెలలో వచ్చిన చుట్టాలు ఫొటోలు తురాయి కింద దిగుతారు, సంచులు మాత్రం మామిడి కింద విప్పుతారు. పోయినసారి ఒకాయన సంచి నింపుకుని, గేటు దగ్గర ఆగి, "మీ ఇంటికి అందమంతా ఆ ఎర్రచెట్టేనండీ" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. నన్ను ఓడించండి చూద్దాం.

ఏలూరు అక్కయ్య:

*ఆ.వె.*
*కాయ కాచు చెట్టు కన్నీరు పెట్టెను*
*రాళ్ళ దెబ్బ కోర్చి రాత్రి పగలు*
*పూల చెట్టు జోలి పోరెవ్వరును గాన*
*మావి కన్న మేలు మఱి తురాయి*

నిర్వాహకుడు:

అక్కయ్యా, నడక హాయిగా ఉంది. యతులు కా–క, రా–రా, పూ–పో అన్నీ సరిపోయాయి. నాకు అడ్డం పడింది "రాత్రి పగలు". పగలు పిల్లలు రాళ్ళు వేస్తారు, సరే. రాత్రి ఎవరు వేస్తారు? గణాలు నింపడానికి వచ్చిన మాట అది. "రాళ్ళ దెబ్బ కోర్చి రాలి రాలి" అంటే గణాలూ యతీ చెదరవు, కళ్ళ ముందు కాయా రాలుతుంది, కన్నీరూ రాలుతుంది.

కడియం తమ్ముడు:

అక్కా, నేను నర్సరీలో పని చేస్తాను, ఛందస్సు అంతంత మాత్రం. చెట్టు సంగతి ఒకటి చెప్తాను. తురాయి కూడా కాయ కాస్తుంది. రెండడుగుల దాకా పెరిగే చదునైన కాయ, ఎండితే నల్లగా కొయ్యలా గట్టిపడుతుంది. చిన్నప్పుడు వాటితోనే కదా కత్తియుద్ధాలు చేశాం. అందుకని "కాయ కాచు చెట్టు" అంటే రెండిటికీ చెల్లిపోతుంది. ఇంకోటి, దాని జోలికి ఎవరూ పోరు అన్నారు. మొగ్గల కోసం మేం పీకిన కొమ్మలకు లెక్కే లేదు.

ఏలూరు అక్కయ్య:

మొదటిది ఒప్పుకున్నాను తమ్ముడూ. ఇలా మారుస్తున్నాను:

*పండు మోయు చెట్టు పాపము కుమిలెను*
*రాళ్ళ దెబ్బ కోర్చి రాలి రాలి*

మూడో పాదం మార్చను. మొగ్గ పీకడం వేరు, రాయి విసరడం వేరు.

నూజివీడు మాస్టారు:

"మోయు" మంచి మాట పడిందమ్మా. రాతి దెబ్బ తగిలిన కాయ సొన కారి, మచ్చ పడి, మగ్గబెట్టినా కుళ్ళుతుంది. మా వైపు తోటల్లో చిక్కంతో తొడిమె ఉంచి కోసేది అందుకే. చెట్టు కుమిలిందంటే రైతు కుమిలినట్టే.

హైదరాబాదు సభ్యుడు:

*ఆ.వె.*
*పాగ చుట్టి వరుడు పల్లకి నెక్కెడి*
*వేళ నాకు దోప వేడుకగునె?*
*తలకు వన్నె తెచ్చు తళుకు గల్గినదౌట*
*మావి కన్న మేలు మఱి తురాయి*

నిర్వాహకుడు:

శభాష్. చెట్టును వదిలేసి తలపాగా మీది తురాయిని పట్టుకున్నారు. సమస్య ఇచ్చినప్పుడే ఎవరో ఒకరు ఈ దారిన వస్తారనుకున్నాను. నిజానికి ఆ కుచ్చుదే అసలు పేరు. ఉర్దూ దారిలో మనకొచ్చిన మాట, చెట్టుకు తర్వాత అంటుకుంది. అంటుకోవడంలో వింతేమీ లేదు. పువ్వుకు రేకులు అయిదు, నాలుగు ఎర్రనివి, అయిదోది మాత్రం తెల్లగానో పసుప్పచ్చగానో ఉండి ఎర్ర చుక్కలతో నిలబడుతుంది. పాగాలో దోపిన కుచ్చు లాగే ఉంటుంది.

లోపం ఒక్కటే. మామిడాకును వరుడి తల మీద ఎవరు దోపుతారు? దాని చోటు గుమ్మం. పోటీకి రానిదాన్ని ఓడించారు.

హైదరాబాదు సభ్యుడు:

ఓడించమన్నది మీరే కదండీ! అయినా మీ సమస్యలో "మఱి" ఏం చేస్తోందో చెప్పండి ముందు. అక్కయ్య గారి "రాత్రి పగలు" వ్యర్థపదమైతే, మీ "మఱి" ఏమిటి?

నిర్వాహకుడు:

దొరికిపోయాను. యతి కోసమే వేశాను.

కాకినాడ సభ్యుడు:

*ఆ.వె.*
*మొగ్గ విప్పి తీసి ముడివేసి లాగగ*
*తెగక నిలిచె తలలు, తెల్లబోతి!*
*కోడి పందెమందు కొదమ పుంజులు మీవి*
*మావి కన్న మేలు మఱి, తురాయి*

మొగ్గలోని కేసరాలతో ఆడే కోడిపందెం ఇది. పువ్వుకు పది కేసరాలు, అంటే ఒక్కో మొగ్గలో పది పుంజులు. తలకు తల తగిలించి లాగితే ఎవరి తల ఊడితే వాళ్ళు ఓడినట్టు. ఇక్కడ "మావి" అంటే చెట్టు కాదు, మా పుంజులు.

నూజివీడు మాస్టారు:

మామిడిని అసలు రానివ్వకుండా "మీవి–మావి" చేశారు. ఈ విరుపుకు నూటికి తొంభై. మిగిలిన పది ఎక్కడ పోయాయంటే, చివర "తురాయి" గాలిలో వేలాడుతోంది. అన్వయం చూడండి: "కొదమ పుంజులు మీవి, మావి కన్న మేలు మఱి" దగ్గరే వాక్యం అయిపోయింది. తురాయి ఎవరు? సంబోధనా?

కాకినాడ సభ్యుడు:

అవును మాస్టారూ, ఓడిపోయిన పిల్లాడు చెట్టుతో చెప్పుకుంటున్నాడనుకోండి.

నూజివీడు మాస్టారు:

అలాగైతే పుంజులు చెట్టువి అవుతాయి, అవతలి పిల్లాడివి కావు. ఆట గుర్తొచ్చి నవ్వుకున్నాను కాబట్టి ఇక పట్టుబట్టను.

ఇప్పుడు నాది.

*ఆ.వె.*
*ఆవకాయ రసము లాకుల తోరణ*
*మెన్ని చెప్పుకొంద మింటి సిరులు*
*తరతరాల నుండి తరగ దీ యవనిని*
*మావి కన్న మేలు. మఱి తురాయి?*

నిర్వాహకుడు:

మాస్టారూ, నమస్కారం. "కన్న" అంటే "కంటె" అనుకుని మేమంతా తిప్పలు పడుతుంటే మీరు "కన్నది" చేశారు. మావి కని ఇచ్చిన మేలు! చుక్క పెట్టి ఆగి, చివర ఒక్క ప్రశ్న. నేను యతి కోసం పడేసిన "మఱి"కి మీ పద్యంలో పని దొరికింది. ఇంతవరకూ వచ్చినవాటిలో ఆ మాట లేకపోతే నిలబడని పద్యం ఇదొక్కటే.

కడియం తమ్ముడు:

మాస్టారు గారి ప్రశ్నకు జవాబు చెప్పొచ్చా? "తరతరాల నుండి" అనడానికి తురాయికి వీల్లేదు. దాని సొంతూరు మడగాస్కర్ దీవి, శాస్త్రీయ వర్ణన అచ్చయిందే 1829లో. మన పాత కావ్యాల్లో మావి చిగురు, కోయిల కనపడతాయి గాని తురాయి కనపడదు. పాపం, ఆలస్యంగా వచ్చింది.

నూజివీడు మాస్టారు:

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తురాయికి అడిగితే మడగాస్కర్ వాళ్ళు తగువుకొస్తారు!

విశాఖ సభ్యురాలు:

నేను పద్యం రాయలేదు, మాస్టారి "మఱి తురాయి?" దగ్గర ఆగిపోయాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు మా వీధిలో అడ్డంగా పడున్నవి తురాయిలే. వేళ్ళు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు. అయితే ఆ తర్వాత రెండు వేసవులు ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు తెలుసు, పోయిందేమిటో. గొడుగులా పరుచుకునే నీడ అది. ఆవకాయ పెట్టదు, నిజమే.

నూజివీడు మాస్టారు:

అమ్మా, మామిడిని కూడా మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొండికేస్తుంది. పూత మీద తేనెమంచు పురుగు పడితే ఆ ఏడాది రైతుకు నిద్ర ఉండదు. తురాయి వైపు నుంచి వీటితో ఎవరైనా పద్యం కడతారని చూశాను, ఎవరూ కట్టలేదు.

కొత్త సభ్యుడు (ఇంజనీరింగ్ విద్యార్థి):

మొదటిసారి రాస్తున్నానండి, తిట్టకండి. మా కాలేజీలో తురాయి పూసిందంటే పరీక్షలు వచ్చినట్టే. టెన్షన్‌లో కిటికీలోంచి దాన్నే చూస్తుంటాం.

*ఎండకాలమందు ఎర్రగా పూయును*
*పరీక్ష వేళ పిల్ల భయము తీర్చు*
*కంటి కింత చాలు కడుపు కేమైనను*
*మావి కన్న మేలు మఱి తురాయి*

నిర్వాహకుడు:

తిట్టడమా! మూడో పాదం నేను రాసుంటే బాగుండేదనిపించింది. సవరణలు రెండే. మొదటి పాదంలో "మందు ఎర్రగా" అని అచ్చు నడుమ పడింది, "మందు నెర్రగా" అనండి. రెండో పాదంలో "పరీ" లఘువు మీద గురువు, అది సూర్యగణం కాదు. హగణమో నగణమో కావాలి. "చదువు వేళ బిడ్డ జడుపు తీర్చు" అనుకోవచ్చు, చ–జ యతి చెల్లుతుంది.

కొత్త సభ్యుడు:

"జడుపు" మా హాస్టల్లో ఎవరూ అనరండి. ఇలా చూడండి:

*ఎండకాలమందు నెర్రగా పూయును*
*రాయలేని వేళ రంగు చూపి*
*కంటి కింత చాలు కడుపు కేమైనను*
*మావి కన్న మేలు మఱి తురాయి*

నూజివీడు మాస్టారు:

"వ్రాయలేని" అను బాబూ, గ్రంథాల మాట అది. వ్రా లో ర ఉంది గనక "రంగు"తో యతికి నష్టం లేదు. ఇంతకీ ఆ పరీక్ష సంగతేమిటి?

కొత్త సభ్యుడు:

ఎల్లుండి మాస్టారూ. కిటికీ పక్క సీటు వచ్చింది.